నీళ్ళ దారం

"పది నిమిషాలే కంబన్నా. పదకొండో నిమిషం నీది గాదు."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నారాయణ గోడ గడియారం వైపు వేలు చూపించాడు. పదకొండూ ఐదు.

"వేలిముద్ర తీసేది నేర్పించిన మనిషివని ఈ పదీ ఇస్తాండా. నాలుగు గంటలకు రంగనాథును మేజిస్ట్రేటు ముందర నిలబెడతాను. నువ్వు కర్నూలు బస్సెక్కి పోయి, మా వదిన పెట్టిన చారు తాగి పండుకో."

"చారు సంగతి తర్వాత" అన్నాడు కంబన్న. "ఆ పొద్దు ఇంకో మాట గూడా చెప్పినా గదప్పా. వేలు ఎవురిదో ముద్ర చెప్తాది, ఎందుకు పడిందో చెప్పదు అని. అది మాత్రం మర్చిపోయినావు."

పక్కనున్న రైటరు నవ్వబోయి, సి.ఐ. మొహం చూసి కాగితాల్లో తల దూర్చాడు.

కంబన్న వేలిముద్రల విభాగంలో హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. నుదుట విభూతి, చంకలో గుడ్డసంచి, మాట మెత్తన. కర్నూలులో ఒక చిన్న గదికి 'ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు తగిలించుకుని ఆరేళ్ళయింది. నిన్న రాత్రి రంగనాథు భార్య మహాదేవి ఫోనులో ఏడ్చిన ఏడుపు విని, తెల్లవారుజాము బస్సుకు కమలాపురం బయలుదేరి వచ్చాడు.

జరిగింది ఇది. ఆదివారం పొద్దున, నీళ్ళు నిండిన పాత బండల గనిలో ఓబుళేశు మునిగిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళ వాడు, బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. రిమోటుతో పరుగెత్తే కరెంటు పడవలంటే అతనికి పిచ్చి. పడవ అతనిది, దానికి ప్రాణం పోసేది మోటార్లకు వైండింగు చుట్టే రంగనాథు. ఆ పూట పడవ నడి గుంతలో ఆగిపోయింది. లారీ ట్యూబు మీద కూర్చుని, చేతులతో తెడ్డేసుకుంటూ దాన్ని తేబోయిన ఓబుళేశు, ట్యూబులో గాలి పోయి మునిగాడు. ట్యూబు వాల్వులోని పిన్ను వదులు చేసి ఉంది. వాల్వు మూత మీద రంగనాథు వేలిముద్ర ఉంది. వీటన్నిటికన్నా చెడ్డది ఇంకొకటి: శవం ఇల్లు చేరిన గంటకే, రంగనాథు ఆ పడవను సబ్బు పెట్టి కడిగాడు.

లాకప్పు పక్క గదిలో రంగనాథు నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో రాగి తీగ మసి ఇంకా పోలేదు.

"మహాదేవి పంపించింది" అన్నాడు కంబన్న, ఎదురుగా బాసింపట్టు వేసుకుని. "ట్యూబుకు గాలి కొట్టింది నువ్వేనా?"

"నేనే సార్. శనివారం సాయంత్రం, ఓబుళేశు ఇంటి వసారాలో. ప్రతిసారీ నేనే కొడతా."

"పొద్దుటికి గాలి దిగిందా, చూసినావా?"

"చూడలే. నేను గనికాడికి నేరుగా పోయినా. పడవనూ ట్యూబునూ వాడే కారులో ఏసకొచ్చె."

"నువ్వు ఒకనాడు ఈ గుంతలోనే పోతావురా అని నలుగురిలో వానితో అన్యావంట?"

రంగనాథు కళ్ళు మూసుకున్నాడు. "అన్యా. ఈత అంతంత మాత్రం, ట్యూబు మీద పోవద్దురా, దారం కట్టిన బంతి ఇసిరి లాగుదాం అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. కోపంలో అన్యా సార్. నా నాలిక మీద ఏ దేవత కూచ్చుండెనో ఆ పూట."

"పడవ సంగతి చెప్పు. నాకు తెలీదు. చిన్నపిల్లోనికి చెప్పినట్ల చెప్పు."

ఆ మాటకు రంగనాథు కొంచెం లేచి కూర్చున్నాడు. ఇష్టమైన పని గురించి అడిగితే మనిషికి ఏ గదిలో ఉన్నదీ గుర్తుండదు.

"మూడడుగుల పడవ సార్. కొన్నప్పుడు గంటకు అరవై పోతాండె. మేము తొంభై రెండు చేసినాం. నూరు దాటిస్తే బెంగళూరు పోటీకి పోవాలని. శనివారమే కొత్త ప్రొపెల్లరు ఏసినా. రెక్కలు ఆకురాయితో కత్తి మాదిరి పదును పెట్టాల. సూది మీద నిలబెట్టి తూకం చూడాల, ఒక రెక్క గోరంత బరువున్నా పడవ మొత్తం వణుకుతాది. బ్యాటరీలు వేలెడు వెనక్కి జరిపితే మూతి లేస్తాది, ముందుకు జరిపితే నీళ్ళలో కుచ్చుకుంటాది. అంతా చేత్తో పట్టుకునే లెక్క."

"మరి ఎందుకు ఆగిపాయ?"

వెలుగు ఆరిపోయినట్టు రంగనాథు మళ్ళీ గోడకు ఒరిగాడు. "తెలీదు."

"నీకు తెలీకుండా ఆ పడవలో ఒక స్క్రూ తిరగదంట. మహాదేవి చెప్పింది."

"తెలీదు సార్."

"ఎందుకు కడిగినావు?"

"మురికైంది. కడిగినా."

"స్నేహితుని శవం ఇంట్లో పెట్టుకొని పడవ మురికి చూసుకున్యావా?"

రంగనాథు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం బిగుసుకునే ఉంది. నలభై ఏళ్ళ పోలీసు బతుకులో కంబన్న ఎన్నో రకాల మౌనాలు చూశాడు. భయపడ్డవాడి మౌనం చేతుల్లో కనిపిస్తుంది, వేళ్ళు ఊరికే ఉండవు. ఇతని చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. ఎవరికో మాటిచ్చిన మనిషిలా ఉన్నాడు.

"టైము!" బయటి నుంచి నారాయణ.

"పడవ పోయేటప్పుడు నువ్వు యాడ ఉంటివి?" కంబన్న లేస్తూ అడిగాడు.

"అవతలి గట్టున. సెల్లు స్టాండుకు పెట్టి వేగం తీస్తాంటి. ఏడూ ఇరవైకి పడవ దిగింది, నిమిషంలోపలే ఆగిపాయ. ట్యూబు మునిగేసరికి ఏడున్నర. గుంత చుట్టూ తిరిగి ఇవతలికి పరిగెత్తేకి ఆరు నిమిషాలు పట్టింది. నాకు ఈత రాదు సార్." అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మామూలుగా నేను ఇవతలే ఉంటా. నీళ్ళ దారం చూడందే వదలను. ఆ పొద్దు వాడు 'నేను చూసుకుంటాలే, నువ్వు అవతలికి పో' అన్యాడు. పోయినా. పోకుంటే..."

అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"నీళ్ళ దారమంటే?"

రంగనాథు తల అడ్డంగా ఊపి మోకాళ్ళలో దాచుకున్నాడు.

---

సి.ఐ. గదిలోకి రాగానే కంబన్న రంగనాథు సెల్లులోని వీడియో అడిగాడు.

"నేను ఇరవైసార్లు చూసినా. ఏమీ లేదు దాంట్లో" అన్నాడు నారాయణ. "వాడు ముందే పడవను పాడు చేసినాడు, ముందే ట్యూబు పిన్ను వదులు చేసినాడు. పడవ ఆగితే ఓబుళేశు ట్యూబెక్కుతాడని ఊరంతా తెలుసు. దీనికి సినిమా చూడల్నా?"

"ఇరవైసార్లు చూసినోనివి, ఇరవై ఒకటోది నా కోసం చూడప్పా."

ఆదివారం వీడియో నలభై ఎనిమిది సెకన్లు. తెల్లటి పడవ నీటి మీద గీత గీసినట్టు దూసుకొచ్చి, మలుపు తిరిగి, నడిమధ్యన చప్పుడు ఆగి నిలిచిపోయింది. కంబన్న దాని కిందనున్న పాత వీడియో తెరిచాడు. పది రోజుల కిందటిది. అదే పడవ, అదే గుంత. రెండూ మూడేసిసార్లు మార్చి మార్చి చూశాడు.

"నారాయణా, పాతదాంట్లో పడవ కుడిపక్క నుంచి సన్నగా నీళ్ళు చిమ్ముతాండాయి చూడు. దారం మాదిరి. ఆదివారం దాంట్లో ఆ దారం లేదు."

నారాయణ కళ్ళు చిట్లించాడు. ఇరవై సార్లలో అది తనకు కనిపించలేదన్న సంగతి అతని చెవులు ఎర్రబడటంలో తెలిసింది.

"ఉంటే ఏమి, లేకుంటే ఏమి?"

"అదే చూద్దాం పద. పడవ యాడ పెట్టినావు?"

---

పన్నెండూ నలభైకి జీపు గని దగ్గర ఆగింది. నిలువుగా కోసిన బండల గోడల మధ్య నల్లటి నీళ్ళు, గాలి సోకక అద్దంలా ఉన్నాయి. గట్టు మీద రేకుల షెడ్డు. దానికి నారాయణే సీలు వేయించాడు. తాళం చెవి ఓబుళేశు తమ్ముడు భూపేష్ దగ్గర ఉంది. రంగనాథు మీద ఫిర్యాదు ఇచ్చిందీ అతనే. ముప్పై ఏళ్ళ వాడు, పెరిగిన గడ్డం, మర్యాద గల మనిషి. వచ్చినవాళ్ళకు మజ్జిగ చెంబు అందించాడు.

"ఎండలో వచ్చినారు, తాగండి సార్. మా అన్న ఉంటే కాళ్ళకు నీళ్ళు ఇచ్చి కూచ్చోబెడతాండె" అన్నాడు కంబన్నతో. కంబన్నకు మనసు చివుక్కుమంది.

బల్ల మీద పడవ. నారాయణ సీలు తీశాడు. మూత చుట్టూ అంటించిన టేపు కూడా తీసేస్తే లోపల మోటారు, దాని పక్కన అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన స్పీడు కంట్రోలరు. దాన్ని చుట్టుకుని సన్నటి రబ్బరు గొట్టం. కంబన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గొట్టం వెంట వేలు పోనిచ్చాడు. ఒక కొన పడవ కుడిపక్కనున్న బెజ్జంలోకి పోయింది. రెండో కొన వెనక్కి, చుక్కానిలోకి. చుక్కాని అడుగున బాల్‌పెన్ను రీఫిల్లు పట్టేంత రంధ్రం.

"ఇదప్పా సంగతి. పడవ ఉరికేటప్పుడు ఈ బెజ్జంలో నీళ్ళు దూరి, ఆ డబ్బాను చల్లబరిచి, పక్క నుంచి బయటికి చిమ్ముతాయి. అదే రంగనాథు చెప్పిన దారం. నీళ్ళు రాకుంటే డబ్బా కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతాది. నా ఇంట్లో నీళ్ళ మోటారు గూడా అంతే, వేడెక్కితే మూలుగుతా కూచ్చుంటాది."

"అంటే రంగనాథు ఈ బెజ్జం మూసినాడు" అన్నాడు నారాయణ వెంటనే. "నేను చెప్పిందే. వాడు దేంతో మూసినాడో అది గూడా నాకాడుంది." పాలిథిన్ కవరు ఒకటి తీశాడు. అందులో తెల్ల తువ్వాలు, దాని మీద ఎర్రటి మరకలు. "పడవ తుడిచిన గుడ్డ. వాని అంగట్లో దొరికింది. ఏదో ఎర్ర మందు. ల్యాబుకు పంపిస్తాండా."

కంబన్న కవరును వెలుతురుకు పట్టాడు. ఆ ఎరుపు ఎక్కడో చూసినట్టుంది. మళ్ళీ పడవ మీదికి వంగి, రబ్బరు గొట్టాన్ని చుక్కాని దగ్గరి ఇత్తడి ముక్కు నుంచి పీకాడు. గొట్టం లోపలి గోడకు, సబ్బు ఎండిన తెల్లటి పొర కింద, అదే ఎరుపు ఉంగరంలా అంటుకుని ఉంది.

పండగకు కొత్త పంచె కట్టే ముందు భార్య రామేశ్వరమ్మ దాని అంచుకు పూసే పసుపు గుర్తుకొచ్చింది. మొదటి ఉతుక్కి సబ్బు తగలగానే ఆ పసుపు ఏమవుతుందో తెలుగు దేశంలో చాకలిరేవు చూసిన ప్రతివాడికీ తెలుసు.

చొక్కా జేబులో, ప్రయాణానికి క్షేమమని భార్య వేసిన నిమ్మకాయ ఉంది. దేవుడి దగ్గర పెట్టింది. కోయడానికి ఒక్క క్షణం చేయి ఆడలేదు. మనిషి ప్రాణం కన్నా క్షేమం ఏముంటుందిలే స్వామీ అనుకుని, కళ్ళకద్దుకుని, పేనాకత్తితో రెండు చెక్కలు చేశాడు.

"ఏమన్నా, దిష్టి తీస్తాండావా పడవకు?" అని నవ్వాడు నారాయణ.

కంబన్న గొట్టంలోకి రెండు చుక్కలు పిండాడు. ఎరుపు కరిగిపోయి, చూస్తుండగానే పచ్చటి పసుపు రంగు తేలింది.

నారాయణ నవ్వు ఆగిపోయింది.

"మందూ లేదు మాకూ లేదు. సబ్బు తగిలిన పసుపు" అన్నాడు కంబన్న. "పసుపు ముద్ద బెజ్జంలో కూరుకుంది. నీళ్ళు లోపలికి తోసే కొద్దీ ఇంకా బిగుసుకొనుంటాది."

"అయ్యో!" అన్నాడు భూపేష్ తలుపు దగ్గర నుంచి. "వదిన... మా వదినే సార్ ఎప్పుడూ పసుపు కుంకుమ పెట్టేది. పడవకు ఏ కొత్త సామాను ఏసినా వదిన బొట్టు పెట్టందే మా అన్న ఎత్తడు." దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీ కాళ్ళు పట్టుకుంటా. ఈ మాట ఆమెకు తెలీనీయొద్దు. తెలిస్తే ఆమె గూడా ఈ గుంతలోనే పడతాది."

కంబన్న నిమ్మచెక్కను చేతిరుమాలులో మూటకట్టాడు.

---

ఒకటీ యాభైకి మళ్ళీ స్టేషన్లో, కంబన్న ఆ నిమ్మచెక్కను రంగనాథు ముందు పెట్టాడు. వేరే మాట అవసరం లేకపోయింది.

"ఆయమ్మకు చెప్పినారా?" అదీ రంగనాథు నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న.

"ఇంకా లేదు."

"చెప్పొద్దు సార్! పడవ గట్టుకు కొట్టుకొచ్చినంక చూసినా. సూదితో తీస్తే ముద్ద వచ్చె, పచ్చగా. మొగుని మేలు కోరి పెట్టింది గదా సార్ పాపం. అదే మొగుణ్ణి తీసకపోయిందని తెలిస్తే ఆమె బతుకుతాదా? కడిగేసినా. ఏండ్ల తరబడి లోపలుంటా గానీ ఆ మాట మాత్రం నా నోట రాదు."

"ట్యూబు?" అన్నాడు వెనక నిలబడ్డ నారాయణ, గొంతులో బింకం తగ్గకుండా.

"ట్యూబు పాతది సార్. పిన్ను ఎట్ల వదులైందో ఆ వెంకటరమణునికే తెలుసు."

కంబన్న ఇన్‌స్పెక్టరును వరండాలోకి తీసుకుపోయాడు.

"నారాయణా, పడవ ఆగితేనే గదా ట్యూబు నీళ్ళలోకి దిగేది. పడవను ఆపింది ఇతను గాదంటే, ట్యూబు వదులు చేసే అక్కర ఇతనికి యాడిది? పిన్ను దానంతట అదే వదులైందనుకో, కేసే లేదు."

"అనుకుంటే కోర్టు ఒప్పుకోదు. పసుపు వీడే పెట్టి, ఆడమనిషి మీదికి పోతాదిలే అనుకొని ఉండొచ్చు. అప్పుడు కడిగింది భయంతో." నారాయణ టోపీ సర్దుకున్నాడు. మళ్ళీ అతని ముఖం మీదికి పాత ధీమా వచ్చింది. "ఒక్కటే దోవ. పసుపు నేను పెట్టినా అని ఓబుళేశు పెండ్లాము శిల్ప నోటితో చెప్పించు. నాలుగులోపల. చెప్పిస్తే రిమాండు ఆపుతా."

"మొగుడు పోయి ఐదు దినాలు. ఆ తల్లితో చెప్పించల్నా?"

"నువ్వేగా డిటెక్టివు? లేకుంటే బస్సు మూడున్నరకు."

---

ఓబుళేశు ఇల్లు చేరేసరికి మూడు అయింది. ఒక మనిషిని విడిపించడానికి ఇంకో మనిషి గుండె మీద బండ పెట్టి రావాలి. చుట్టూ ఎవరిని తప్పు పట్టాలో తెలియడం లేదు. భక్తితో పెట్టిన బొట్టు ప్రాణం తీస్తే, ఆ భక్తి ఏ ఖాతాలోకి పోతుంది స్వామీ అని లోలోపల అడిగాడు. ఎప్పటిలాగే జవాబు రాలేదు.

గేటు దగ్గర భూపేష్ బుల్లెట్టు మీద బయటికి పోతూ ఎదురయ్యాడు. కంబన్నను చూసి బండి ఆపాడు.

"వదిన ఎవురితోనూ మాట్లాడటంలేదు సార్. చెప్పొద్దంటి గదా."

"ఊరికే పలకరిచ్చి పోతానప్పా."

భూపేష్ ఒక క్షణం తటపటాయించాడు. "కర్మకు సామాన్లు తేవాల, అయ్యగారు జాబితా ఇచ్చినాడు. అరగంటలో వస్తా. అంతవరకు ఆమెను కదిలించొద్దు" అని వెళ్ళిపోయాడు.

నడవలో చాప మీద శిల్ప కూర్చుని ఉంది. ముప్పై రెండేళ్ళు ఉంటాయి. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. తోడుగా ఉన్న ముసలావిడ నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. కంబన్న దూరంగా గడప పక్కన కూర్చున్నాడు.

"రంగనాథు తట్టు నుంచి వచ్చినా తల్లీ. నన్ను పొమ్మంటే పోతా."

"ఆయన చంపినాడంటే నాకు నమ్మకం లేదు" అంది ఆమె నేల చూస్తూ. "మా ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక కంచంలో తిన్యారు. ఆ పడవను ముందర పెట్టుకొని పిల్లోళ్ళ మాదిరి కొట్లాడుకుంటాండ్రి."

"ఆయప్పను నాలుగు గంటలకు జైలుకు పంపిస్తాండారమ్మా. ఆపాలంటే నేను నిన్నొక మాట అడగాల. అడిగినందుకు నన్ను ఆ దేవుడు మన్నించినా నేను మన్నించుకోలేను." కంబన్న గుడ్డసంచి ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఆదివారం పొద్దున పడవకు బొట్టు పెట్టినావు గదా. ఆ పసుపు వెనక తట్టు చిన్న బెజ్జంలో పోయి గట్టిపడింది. దాంతోనే పడవ ఆగిపాయ. నీ తప్పు ఏమీ లేదు తల్లీ, అది ఎవురికీ తెలిసే సంగతి గాదు."

ఏడుపు వస్తుందనుకుని తల వంచుకున్నాడు. రాలేదు. తల ఎత్తితే ఆమె తనవైపే విచిత్రంగా చూస్తోంది.

"నేను పెట్టలేదు" అంది.

"అమ్మా, భయపడే పని లేదు. నీ మీద కేసు..."

"నేను పెట్టలేదు పెద్దాయనా. ఆ పొద్దు నేను బయట ఉన్యా."

"బయటంటే? యాడికి పోయింటివి? ఊర్లో లేవా?" కంబన్న జేబులో పెన్ను వెతుక్కున్నాడు. "ఎన్ని గంటలకు పోయినావు, ఎవురన్నా చూసినారా?"

ఆమె మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చాప అంచునే చూస్తోంది. పెన్ను చేతిలో పట్టుకున్న కంబన్నకు ఆ మాటకు అర్థం ఆలస్యంగా వెలిగింది. తన ఇంట్లో ఏళ్ళ తరబడి నెలనెలా విన్న మాటే అది. రామేశ్వరమ్మ ఆ మూడు రోజులూ వేరే చాప మీద కూర్చునేది. దీపం తనే పెట్టేవాడు. అదేంటని తను ఏనాడూ ఆలోచించలేదు, ఆమెను ఏనాడూ అడగలేదు.

పెన్ను మూత పెట్టేశాడు.

"శనివారం పొద్దున్నించి" అంది శిల్ప, వినీ వినపడని గొంతుతో. "పక్క గదిలో ఉన్యా. దేవుని గూటి తట్టే పోలేదు. పసుపు యాడ ముట్టేది?"

"మరి పడవకు..."

"భూపేష్ వచ్చె. అన్న స్నానం చేస్తాండాడు. 'వదినా, బొట్టు లేనిదే అన్న పడవ ఎత్తడు గదా, నువ్వు ముట్టగూడదు, నేనే పెడతాలే' అని గూట్లో గిన్నె తీసుకొని వసారాలోకి పాయ. పడవ, ట్యూబు అన్నీ ఆడే ఉండె. శానా సేపు ఆడే ఉండె."

షెడ్డులో భూపేష్ అన్న మాటలు కంబన్నకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వదినే ఎప్పుడూ పెట్టేది సార్. ఆమెకు తెలీనీయొద్దు సార్. అడక్కముందే అందించిన మజ్జిగ.

"నీ మరిదికీ మీ ఆయనకూ ఏమన్నా మాట తేడా ఉండెనా?"

"మా గనిలో నీళ్ళు తోడేసి మళ్ళా బండలు కొట్టిద్దామని భూపేష్ ఏడాదిగా పోరు పెడతాండె. మా ఆయన ఒప్పుకోలే. నీళ్ళు పోతే పడవ యాడ తిప్పేదిరా అని నవ్వుతాండె."

"ఇదంతా పోలీసోళ్ళకు ఏంటికి చెప్పలేదు తల్లీ?"

"ఎవురడిగినారు?" మొదటిసారి ఆమె గొంతు లేచింది. వెంటనే కుంగింది. "అడిగినా అంతమంది మగోళ్ళ ముందర ఎట్ల చెప్పేది? ఇంకోటి గూడా ఉండాది. ఆ పొద్దు ఆయప్ప తొందరలో ఉన్యాడని కాఫీ నేనే ఇచ్చినా. ఆ చేత్తో. మా అత్త ఉన్యప్పుడు ఎప్పుడూ ఇయ్యనిచ్చేది గాదు. నా చేతి మైల తగిలే పోయినాడేమోనని, ఐదు దినాలుగా నిద్ర పడితే ఒట్టు."

ఒకడు గదిలో కూర్చుని ఈమె కోసం నోరు కుట్టుకున్నాడు. ఈమె తన చేతినే దోషిగా నిలబెట్టుకుంది. ఈ ఇద్దరి మౌనాన్నీ ముందే లెక్క కట్టుకున్నవాడు వీధుల్లో కర్మ సామాన్లు కొంటున్నాడు. ఈ మాట ఆడమనిషి ఏ మగవాడికీ చెప్పుకోదన్న ధీమా వాడిది.

"శాస్త్రం నాకు శానా తెలీదమ్మా" అన్నాడు మెల్లగా. "కానీ మొగునికి కాఫీ ఇచ్చిన చేతిలో దేవుడు తప్పు ఎంచుతాడంటే, ఇన్నేండ్లు దీపం పెట్టిన నేను నమ్మను. నీ చేయి ఏ పాపం చేయలేదు."

శిల్ప అప్పుడు ఏడ్చింది. ముసలావిడ నీళ్ళ గ్లాసుతో వచ్చి ఏమీ అర్థంకాక నిలబడిపోయింది.

మూడూ ఇరవై. కంబన్న సి.ఐ.కి ఫోను కలిపి, రెండు ముక్కల్లో చెప్పాడు.

"మరిదా?" నారాయణ గొంతు మారింది. తరువాత మళ్ళీ గట్టిపడింది. "నువ్వు చెప్తే సరిపోదు కంబన్నా. ఆదివారం పొద్దున ఆమె పసుపు ఎందుకు పెట్టలేదు? కారణం కావాల, ఆమె నోటితోనే కావాల. స్పీకరు మీద పెడతాండా, ఈడ రైటరు రాసుకుంటాడు. నలుగురం వింటాం."

కంబన్న ఫోను చేత్తో మూశాడు. "నలుగురు మగోళ్ళు వింటారంట తల్లీ. కారణం చెప్పాలంట. నేను నిన్ను బలవంతం పెట్టను."

వీధి చివర బుల్లెట్టు చప్పుడు వినిపించింది. అరగంట అన్నవాడు ముందే వస్తున్నాడు. ముసలావిడ బెదురుగా గేటు వైపు చూసింది. కంబన్న లేచి, వాకిలికి అడ్డంగా పోయి నిలబడ్డాడు. అరవై ఆరేళ్ళ ఒళ్ళు. ఆపగలిగినంత ఆపుతుంది.

బండి ఆగింది. గేటు కిర్రుమంది. "వదినా, ఎవురితో మాట్లాడతాండావు?" అనే గొంతు మెట్ల దాకా వచ్చింది.

శిల్ప కొంగుతో ముఖం తుడుచుకుంది. ఫోను అందుకుని, వాకిట్లోకి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"నేను ఓబుళేశు భార్య శిల్పను సార్. ఆదివారం పొద్దున నేను ముట్టులో ఉన్యా. పసుపు ముట్టుకోలేదు, పడవ తాకలేదు. పసుపు గిన్నె వసారాలోకి తీసకపోయింది మా మరిది భూపేష్. రాసుకోండి."

మెట్ల మీద ఒక కాలి చెప్పు విప్పిన భూపేష్, రెండోది విప్పలేదు.